పాత కార్డు ముక్కలు, కరపత్రాలు, జిల్లా పుస్తకాలు: ఏరడం, ఏ ఏటివో తేల్చడం, దాచడం

మీ ప్రాంతపు పాత కాగితాలు పోగేయాలనుకుంటే ముందు మీ హద్దు గీసుకోండి. "పాత కాగితం ఏదైనా సరే" అని బయల్దేరినవాళ్లు గది నిండా కట్టలు పోగేసి, ఇంట్లో మాటలు పడి, ఆఖరికి ఏ చిత్తు కాగితాల కాటా దగ్గర కొన్నారో అక్కడికే తిరిగి తోలేస్తారు. ఒక తాలూకా తీసుకోండి. కాదంటే ఒక కాలవ కింద ఊళ్లు, ఒక రైలు మార్గం, ఒక జమీందారీ. నాది పాత ఏలూరు తాలూకా. రైల్వే మెయిల్ సర్వీసులో (ఆర్.ఎం.ఎస్.) ఉత్తరాలు ఊళ్లవారీగా విడదీసే సార్టరుగా చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి కార్డు చేతికొస్తే నా చూపు ముందు తపాలా ముద్ర మీదకి పోతుంది. రాసిన విషయం తర్వాత, బొమ్మ ఉంటే అది ఆఖర్న. కింద చెప్పేదంతా కాస్త ఆ పక్షపాతంతోనే ఉంటుంది, సర్దుకోండి.

హద్దు చిన్నదయ్యేకొద్దీ పనికిరాని కాగితం అంటూ మిగలదు. దేశమంతటి సేకరణలో ఒక కిరాణా కొట్టు బిల్లుకి చోటెక్కడిది? ఒక్క ఊరికే పరిమితమైతే అదే బిల్లు ఆ కొట్టు ఏ వీధిలో ఉండేదో, యజమాని ఎవరో, చింతపండు వీశె (పాత తూకం) ఎంతకి అమ్మాడో, కొట్టుకి ఫోను ఉందో లేదో చెబుతుంది. పెళ్లి శుభలేఖలు, నాటకాల కరపత్రాలు, ఎన్నికల కరపత్రాలు, సినిమా హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు, శిస్తు రసీదులు, ప్రోనోట్లు, రేషను కార్డులు, అట్ట రైలు టిక్కెట్లు, బడి ప్రోగ్రెస్ కార్డులు, గంటల పంచాంగాలు, అగ్గిపెట్టె లేబుళ్లు, కాలేజీ స్వర్ణోత్సవ సంచికలు, గుడి దగ్గర అమ్మిన స్థలపురాణాలు. ఇవన్నీ మన సరుకే. అచ్చేసినవాడు ఆ పూటకి అచ్చేశాడు, కొన్నవాడు ఆ పూటకి కొన్నాడు. దాచమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అందుకే అచ్చయిన వెయ్యిలో ఒకటి దక్కడం కూడా గొప్పే.

హైదరాబాదులో ఉంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌లు, గురువారం జుమేరాత్ బజారు ఎలాగూ తిరుగుతారు. అక్కడ పుస్తకాలు దొరుకుతాయి, కాగితాలు అదృష్టాన్ని బట్టి. కానీ మీ తాలూకా కాగితం మీ తాలూకాలోనే ఉంటుంది: పాత పేపర్ల కొట్టులో, కూల్చబోయే మండువా ఇంటి అటక మీద, మూతపడ్డ ప్రెస్సు వెనక గదిలో. భోగికి ముందు వారం మహా ముఖ్యం. అటకలు దులిపేది అప్పుడే, దులిపినవి మంటల్లోకి పోయేదీ అప్పుడే. ఆ వారం నేను ఊళ్లో తెలిసిన ఇళ్లన్నిటికీ ఓ మాట చెప్పి ఉంచుతాను. "అమ్మా, చెక్కలూ తట్టలూ మీ ఇష్టం, కాగితం మాత్రం నాకు చూపించాకే వెయ్యండి."

పేపర్ల కొట్టతనితో మొదట్లోనే ఒక ఒప్పందానికి రండి. వాళ్లకి ఓ అలవాటుంటుంది. మనం అడుగుతున్నామని తెలిశాక సాయం చేస్తున్నాననుకుని స్టాంపులు పీకి, బొమ్మలున్నవి విడదీసి, రాతకోతలు చిత్తుకి పడేస్తారు.

"మాస్టారూ, స్టాంపులు తీసి విడిగా ఉంచమంటారా?" అని నన్నూ అడిగాడు మా కొట్టబ్బాయి.

"ఏదీ తియ్యకు బాబూ. పురికొస కూడా విప్పకు. కట్ట కట్టగానే తూచెయ్యి, చిత్తు కాగితం రేటు మీద ఎంతో కొంత ఎక్కువే ఇస్తాను."

ఆ "ఎంతో కొంత ఎక్కువ" ప్రతిసారీ ఇవ్వండి, కట్టలో ఏమీ లేకపోయినా ఇవ్వండి. అతను కట్ట విప్పకుండా ఉంచినందుకు అది కూలి.

కట్ట విప్పొద్దని ఎందుకింత గొడవంటే, చెబుతాను. మన ఇళ్లలో ఉత్తరాల తీగ ఉండేది గుర్తుందా? కింద చెక్క బిళ్ల, పైన కొక్కెం, గోడ మేకుకి వేలాడేది. వచ్చిన ఉత్తరం చదవడం, తీగకి గుచ్చడం. అంటే అట్టడుగున ఉన్నది అన్నిటికన్నా పాతది, పైకి వచ్చేకొద్దీ కొత్తవి. ఆ వరస చెదరకపోతే తేదీ లేని కార్డుకి కూడా తేదీ దొరుకుతుంది, ఎందుకంటే దాని కిందదీ పైదీ ముద్ర కనబడుతూ ఉంటాయి. కాబట్టి తీగ దొరికితే ముందు నిలువుగా ఫోటో తియ్యండి. తర్వాత పై నుంచి ఒక్కోటి తీస్తూ, తీసిన దాని మూల మెత్తటి పెన్సిలుతో వరస అంకె వెయ్యండి, ఆ తర్వాతే చదవడం. చదువుతూ తీస్తే వరస పోవడం ఖాయం, మేనమామ పెళ్లి సంబంధం గొడవలో పడి అంకె మర్చిపోతాం.

తీగ మీద నుంచి వచ్చిన కార్డుకి మధ్యలో చిల్లు ఉంటుంది, చుట్టూ తుప్పు వలయం. కొందరు అమ్మకందార్లు దాన్ని లోపంగా చూపించి, చిల్లు లేని కార్డుకి ఎక్కువ అడుగుతారు. నా లెక్క తిరగేసి ఉంటుంది. చిల్లున్న కార్డు ఒక ఇంట్లో బతికింది, ఎవరో చదివారు, ఎవరో దాచారు. అలాగే శుభలేఖ నాలుగు మూలలా పసుపు మరక ఉంటే దాన్ని తుడవాలని చూడకండి. ఇంకొకటి: తీగలో కొన్ని నెలలు ఖాళీగా కనిపిస్తే కార్డులు ఎవరో కొట్టేశారని అనుకోనక్కర్లేదు. చావు కబురు వచ్చిన కార్డు చదవగానే చింపి పారేసేవారు, ఇంట్లో ఉంచేవారు కాదు. అందుకే పాత ఉత్తరాల్లో పెళ్లిళ్లు బోలెడు దొరుకుతాయి, అశుభం కార్డు ఒక్కటి దొరకడం కష్టం. దొరికితే, అక్షరం అలుక్కుపోయి ఉన్నా వదలకండి.

ఇక ఏ ఏటిదో తేల్చడం. అసలు పని ఇదే. మిగతాదంతా కొనుక్కోవడం.

ప్రభుత్వ పోస్టు కార్డు మన దేశంలో 1879 జూలై 1న వచ్చింది, ధర కానీ, అంటే పావు అణా. అంతకు ముందు తేదీ ఉన్న కార్డు ఎవరైనా చూపిస్తే దండం పెట్టి వచ్చెయ్యండి. కార్డు మీద అచ్చయిన తల చూడండి: విక్టోరియా, తర్వాత ఏడో ఎడ్వర్డు, 1911 నుంచి అయిదో జార్జి, 1937 నుంచి ఆరో జార్జి. పాత నిల్వలు అయిపోయేదాకా అమ్మేవారు కాబట్టి తలని బట్టి "ఇంతకన్నా ముందు కాదు" అని మాత్రమే చెప్పగలం. ధర కూడా సాయపడుతుంది. పావు అణా 1922 దాకా నిలిచింది, ఆ ఏడు అర్ధణా అయింది. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. బిల్లు మీద రూపాయి-అణా-పై (అణాలో పన్నెండో వంతు) అని మూడు గళ్లుంటే దాదాపుగా అంతకు ముందుదే. "నయాపైసలు" అని ఉంటే 1957కీ 1964కీ మధ్యది, 1964 జూన్ నుంచి "నయా" తీసేశారు. వీశెలు, మణుగులు కనిపిస్తే 1960ల తొలినాళ్ల కన్నా ఇటుది కాకపోవచ్చు. పల్లెటూరి కొట్ల సంగతి వేరనుకోండి, నోటి లెక్క కాగితం మీదా చాలాకాలం నడిచింది. పిన్‌కోడు 1972 ఆగస్టు 15న మొదలైంది. అది ఉంటే తర్వాతది. లేకపోతే ఏమీ రుజువు కాదు, పిన్‌కోడు రాయనివాళ్లతో సర్వీసంతా వేగిన మనిషిగా చెబుతున్నాను. చిరునామాలో తాలూకా బదులు మండలం వస్తే ఆంధ్రప్రదేశ్‌లో 1985 తర్వాతది.

ముద్రలు రెండు చూడాలి. ఒకటి పంపిన ఊరిది, రెండోది చేరిన ఊరిది. గుండ్రం లోపల ఊరి పేరు, తేదీ, నెల, ఏడు చివరి రెండంకెలు ఉంటాయి. చాలామంది స్టాంపు మీద పడ్డ ముద్ర చూసి అది అలికిపోయిందని వదిలేస్తారు. చిరునామా పక్కన పడ్డ చేరిక ముద్ర ఎక్కువసార్లు శుభ్రంగా ఉంటుంది, ఎందుకంటే అది ఖాళీ కాగితం మీద పడింది. మసకగా ఉంటే ఫోను టార్చి కాగితానికి పక్కగా, దాదాపు పడుకోబెట్టి వెయ్యండి, ఒత్తిడి గీతలు లేస్తాయి. ఆర్.ఎం.ఎస్. అని ఉంటే అది రైలు తపాలా ముద్ర, ఆ ఉత్తరం దారిలో మావాళ్ల చేతుల మీదుగా పోయింది. ఊళ్ల పేర్లు ఇంగ్లీషులో పాత పలుకుబడిలో ఉంటాయి: విజయవాడ బెజవాడగా, కాకినాడ కొకనాడాగా, మచిలీపట్నం మసూలిపటంగా, ఏలూరు ఎల్లోరుగా. ఆన్‌లైను అమ్మకాల్లో వెతికేటప్పుడు ఈ పాత స్పెల్లింగులతో వెతకండి. బయటి రాష్ట్రాల అమ్మకందార్లకి ముద్ర మీద ఉన్న పేరే తెలుసు, ఈనాటి పేరు తెలియదు. ఎల్లోరు అని రాసి ఉన్నదాన్ని ఎల్లోరా గుహల కింద పెట్టి అమ్మేవాళ్లూ ఉన్నారు.

లోపల రాసిన తేదీ తెలుగు సంవత్సరంలో ఉంటే భయపడొద్దు, అది ఇంకా మేలు. అరవై ఏళ్లకోసారి అదే పేరు వస్తుంది కాబట్టి రెండు మూడు ఏళ్లలోంచి ఒకటి ఏరుకుంటే చాలు. నా దగ్గరున్న ఒక కార్డు సంగతి చూడండి. "కాలయుక్తి సం॥ మార్గశిర బ॥" అని ఉంది, తిథి దగ్గర చిల్లు పడింది. ముద్ర పూర్తిగా పోయింది. అరవైలో మొదటిది ప్రభవ, అది 1867, 1927, 1987. కాలయుక్తి యాభై రెండోది కాబట్టి 1858, 1918, 1978. 1858లో కార్డే లేదు. 1978 అయితే ధర పైసల్లో ఉండాలి, దీని మీద పావు అణా, అయిదో జార్జి తల. ఇక మిగిలింది 1918, మార్గశిరం గనక డిసెంబరు. రాసినాయన "ఊళ్లో విషజ్వరములు కొంచెము తగ్గినవి" అంటాడు. 1918 చివర్న దేశాన్ని ఊపేసిన ఇన్‌ఫ్లుయెంజా అదే అయ్యుంటుంది. ఇలా మూడు వైపుల నుంచీ ఒకే ఏటికి వచ్చాకే కవరు మీద ఏడు రాస్తాను. రెండు వైపుల నుంచి మాత్రమే వస్తే పక్కన ప్రశ్నార్థకం పెడతాను.

శిస్తు రసీదులు, పట్టాల మీద ఫసలీ, అంటే శిస్తు లెక్కల ఏడు, ఉంటుంది. ఫసలీకి 590 కలపండి, ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు ఏడు వస్తుంది. ఫసలీ 1357 అంటే మన జిల్లాల్లో 1947 జూలై నుంచి 1948 జూన్ దాకా. నిజాం ఇలాకాలో ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది, నెలలకి అజూర్, దై, బహ్మన్ లాంటి పారశీక పేర్లుండేవి. తెలంగాణ కాగితాలు పోగేసేవాళ్లు ఈ నెలల పట్టిక ఒకటి జేబులో ఉంచుకోండి. అక్కడ రూపాయి కూడా వేరు, హాలీ సిక్కా. బిల్లులో ఏ రూపాయో చెప్పకుండా ఉంటే బెజవాడ ధరతో పోల్చి తొందరపడి నిర్ణయాలు చెయ్యకండి. నిజాం తపాలా 1950 దాకా నడిచింది, ఆ స్టాంపులు ఆ రాజ్యం లోపలే చెల్లేవి. బయటికి పంపే ఉత్తరానికి బ్రిటిష్ ఇండియా స్టాంపు అంటించాలి. కాబట్టి వరంగల్ నుంచి ఏలూరు వచ్చిన కవరు మీద నిజాం స్టాంపు ఒక్కటే ఉంటే ఆగి, రెండోసారి చూడండి.

రైలు కాగితాల మీద కంపెనీ పేరే తేదీ. మా లైను మీద మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అని ఉంటే 1908కీ 1951కీ మధ్యది. సదరన్ రైల్వే అంటే 1951 తర్వాతది, దక్షిణ మధ్య రైల్వే అంటే 1966 అక్టోబరు 2 తర్వాతది. అవతల నిజాం రైల్వే పేరులో "గ్యారంటీడ్" మాట ఉంటే 1930కి ముందుది.

కరపత్రం, శుభలేఖ చేతికొస్తే అన్నిటికన్నా కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే పంక్తి చదవండి. 1867 నాటి చట్టం ప్రకారం అచ్చయిన పుస్తకం మీదా కాగితం మీదా ప్రింటరు పేరు, అచ్చయిన ఊరు ఉండాల్సి వచ్చేది. ఆ ప్రెస్సు పేరుతో ఒక జాబితా మొదలుపెట్టండి. ఫలానా ప్రెస్సు ఏ ఏటి నుంచి ఏ ఏటి దాకా కనిపిస్తోందో రాసుకుంటూ పోతే, కొన్నాళ్లకి తేదీ లేని కరపత్రం ప్రెస్సు పేరు చూడగానే ఏ దశాబ్దిదో చెప్పేస్తారు. ఈ జాబితా ఏ పుస్తకంలోనూ దొరకదు, మీ తాలూకాకి మీరే తయారు చేసుకోవాలి.

బొమ్మ కార్డుల గురించి కొంచెం. మద్రాసు హిగ్గిన్‌బాథమ్స్, వీలే అండ్ క్లైన్ లాంటివాళ్లు వేసిన వాటిలో మన తీరం ఊళ్లు అప్పుడప్పుడు కనిపిస్తాయి. చిరునామా వైపు మధ్యలో గీత లేకుండా, కబురంతా బొమ్మ పక్కనే ఇరికించి రాసి ఉంటే అది తొలి రకం. బ్రిటన్‌లో 1902లో వెనక వైపుని రెండుగా విడదీయడానికి ఒప్పుకున్నారు, మిగతా దేశాలు కొద్ది ఏళ్లలో ఆ దారే పట్టాయి. "జర్మనీలో ముద్రితం", "సాక్సనీలో ముద్రితం" అని ఉంటే చాలామటుకు 1914 యుద్ధానికి ముందుది. పదింతలు చూపించే భూతద్దం ఒకటి కొనండి. దాని కింద చుక్కలు కనబడితే అచ్చు. చుక్కలు లేకుండా నునుపుగా నల్లదనం తెల్లదనంలోకి జారిపోతే అసలు ఫోటో కార్డు. సన్నని మెలికల గీతలుగా కనిపిస్తే కొలోటైపు అనే అచ్చు పద్ధతి, అది కూడా పాతదే. గోధుమ రంగు బొమ్మలో నీలం, గులాబి, పసుపు చుక్కలు విడివిడిగా కనబడితే నిన్నో మొన్నో ప్రింటరులోంచి వచ్చింది. ఇంకో పరీక్ష: దొంగనోట్లు చూసే నీలం లైటు. 1950ల నుంచి కాగితానికి తెలుపు కోసం కలిపే రసాయనం ఆ లైటు కింద మెరుస్తుంది. 1910 కార్డు అని చెప్పింది నీలంగా మెరిసిందంటే బేరం ఆడక్కర్లేదు.

జిల్లా పుస్తకాల దగ్గరికొస్తే (మాన్యువల్, గెజిటీరు అంటే జిల్లా వివరాలు పోగుచేసిన ఆనాటి ప్రభుత్వ పుస్తకాలు), కొనేముందు మీ ఊరు ఏ ఏడు ఏ జిల్లాలో ఉండేదో కాగితం మీద రాసుకోండి. ఇది చెయ్యకుండా పుస్తకాలు వెతకడం దండగ. ఏలూరు 1859 నుంచి గోదావరి జిల్లాలో ఉంది, 1904లో కృష్ణాలోకి వెళ్లింది, 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడి దానికి కేంద్రమైంది, 2022లో దాని పేరుతోనే జిల్లా వచ్చింది. అందువల్ల పాత ఏలూరు కావాలంటే హెన్రీ మోరిస్ రాసిన 1878 గోదావరి జిల్లా మాన్యువల్ చూడాలి. గోర్డన్ మెకంజీ 1883 కృష్ణా మాన్యువల్ నాటికి ఏలూరు అందులో లేదు. హెమింగ్వే గోదావరి గెజిటీరు 1907ది, అప్పటికి ఏలూరు కృష్ణాకి పోయింది. కృష్ణా పేరు చూసి మెకంజీ పుస్తకం కొనుక్కుని ఏలూరు కోసం పుటలు తిప్పేవాళ్లని చూశాను. అనంతపురం వాళ్లకి 1882కి ముందు సమాచారం కెల్సాల్ రాసిన 1872 బళ్లారి మాన్యువల్‌లో ఉంటుంది, ఆ జిల్లా 1882లోనే బళ్లారి నుంచి విడిపోయింది. చిత్తూరు జిల్లా 1911లో పుట్టింది, కాబట్టి తిరుపతి వైపు వాళ్లు ఉత్తర ఆర్కాటు మాన్యువల్ పట్టుకోవాలి. నెల్లూరుకి బాస్వెల్ 1873, కడపకి గ్రిబుల్ 1875, విశాఖకి కార్మైకేల్ 1869, ఆ తర్వాత ఫ్రాన్సిస్ 1907. కర్నూలు మాన్యువల్ 1886ది, రాసింది మనవాడే, నరహరి గోపాలకృష్ణమ చెట్టి.

తొలిముద్రణ అని ఎవరైనా చూపిస్తే పేరు పుట ఒక్కటే చూసి నమ్మకండి. ఢిల్లీ ఏషియన్ ఎడ్యుకేషనల్ సర్వీసెస్ లాంటి సంస్థలు ఇలాంటి పాత పుస్తకాలు చాలా తిరిగి అచ్చేశాయి. అందులో పాత పేరు పుట ఉన్నదున్నట్టే ఉంటుంది, పాత ఏడుతో సహా. పుట తిప్పి వెనక చూడండి, కాగితం పట్టుకుని చూడండి. చదువుకోడానికి పునర్ముద్రణే మేలు, తక్కువలో వస్తుంది, గట్టిగా ఉంటుంది. పాతది కొంటున్నప్పుడు చివరి అట్ట లోపల మడత మ్యాపు ఉందో లేదో ముందు చూడండి. చాలా ప్రతుల్లో మొదట పోయేది అదే, ఎవరో విడిగా పటం కట్టించి అమ్ముకుని ఉంటారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాను చేసిన పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. కొనబోయేదాని స్కాను ఫోన్లో తెరిచి పుటలు, పటాలు సరిచూసుకోండి. అమ్మేవాడి ఎదురుగా చేస్తే ధర దానంతట అదే కిందికి దిగుతుంది.

తెలుగు సరుకులో నా మనసుకి దగ్గరివి కైఫీయతులు. కల్నల్ కాలిన్ మెకంజీ (కృష్ణా మాన్యువల్ రాసిన మెకంజీ వేరు) ఊరూరా రాయించిన గ్రామ చరిత్రలు. ఆ పని మోసిన కావలి సోదరులు ఏలూరువాళ్లే అని చెప్పుకోవడం మాకు సరదా. కొన్ని జిల్లాల కైఫీయతులు అచ్చయ్యాయి, మీ ఊరి పేరు విషయసూచికలో వెతకండి. కైఫీయతులో కరణం చెప్పిన చెరువు పేరు, మీ దగ్గరున్న శిస్తు రసీదు మీది చెరువు పేరు కలిసిన రోజు ఆ రసీదు విలువ మారిపోతుంది.

పుస్తకం మీద గ్రంథాలయం ముద్ర ఉంటే, తొలగించినట్టు రెండో ముద్ర ఉందేమో చూడండి. లేకపోతే నేను కొనను. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901 నుంచి పాత పత్రికలూ పుస్తకాలూ కాపాడుతూ వచ్చాయి. అలాంటి చోటి పుస్తకం మన అల్మరాలోకి రావడం గొప్ప కాదు, దాన్ని వెనక్కి చేర్చడమే సబబు.

దాచడం గురించి చెయ్యకూడనివే ఎక్కువ. లామినేషన్ చేయించొద్దు, అది మళ్లీ ఊడదు. సెల్లోటేపు అంటించొద్దు. పసుపెక్కి, జిగురు కాగితంలోకి దిగి, టేపు రాలిపోయినా మరక ఉంటుంది. చిరుగుకి మైదా జిగురు రాయాలనిపిస్తుంది. బైండింగు చేసేవాళ్లు దానిలో మైలుతుత్తం కలిపేది పురుగు పట్టకూడదనే. అంటే ఉత్త మైదా పురుగుకి విందన్నమాట. చిరుగుని చిరుగులాగే ఉంచి కవరులో పెట్టండి. గుండుసూది తుప్పు పట్టి అంటుకుంటే లాగకండి. సూదికీ కాగితానికీ మధ్య పలచటి పాలియెస్టర్ ముక్క దోపి, రెండు వైపులా మెల్లగా వదులు చేసి తియ్యండి. బూజు వాసనొస్తే ఎండలో పరచొద్దు, నీడలో ఫ్యాను గాలికి ఆరనివ్వండి. పురుగున్న కట్ట దొరికితే ఇంట్లో మిగతావాటి దగ్గరికి తేకుండా గాలి చొరబడని ప్లాస్టిక్ సంచిలో కట్టి, డీప్ ఫ్రీజరులో రెండు వారాలుంచండి. తీశాక సంచి విప్పకుండా ఒక రోజంతా వదిలేస్తే పైన పట్టే తేమ కాగితానికి తగలదు. ఐస్‌క్రీం పక్కన ఉత్తరాలేమిటని మా ఆవిడ అడిగింది, పాలకొల్లు నుంచి వచ్చాయని చెప్పాను.

కవర్లు కొనేటప్పుడు వాసన చూడండి. కొత్త రెయిన్‌కోటు వాసన వస్తే అది పి.వి.సి., కాగితాన్ని పాడుచేస్తుంది. పాలియెస్టర్, పాలిప్రొపిలీన్ అయితే మంచిది. బీరువా తడి గోడకి ఆనించొద్దు, కింది అర ఖాళీగా వదలండి. నాఫ్తలీను ఉండలు కాగితాల మధ్య వెయ్యొద్దు. వార్తాపత్రికల కాగితం, అంటే న్యూస్‌ప్రింటు, వేరే పెట్టెలో ఉంచండి, దాని పులుపు పక్కవాటికి పాకుతుంది. కరపత్రాలూ పాటల పుస్తకాలూ ఎక్కువగా ఈ రకమే, పక్కనున్న శుభలేఖల మీద గోధుమరంగు నీడ వేస్తాయి.

ప్రతి కవరు మీద పెన్సిలుతో నాలుగు మాటలు రాయండి: ఎక్కడ దొరికింది, దేనితో కలిసి దొరికింది, ఏడు ఎలా తేల్చాను, ఇవాళ్టి తేదీ. రెండోది అందరూ ఎగ్గొడతారు. ఒకే ట్రంకు పెట్టెలో రేషను కార్డు, పంచాంగం, ప్రోనోటు కలిసి దొరికితే అవి ఒక ఇంటివి. విడదీసి ఏ విభాగానికి ఆ విభాగం సర్దేస్తే ఇల్లు పోతుంది, మూడు కాగితాలు మిగులుతాయి.

చట్టం సంగతి రెండు ముక్కలు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక విలువున్న రాతప్రతి, రికార్డు, దస్తావేజు డెబ్బై అయిదేళ్లు దాటితే పురావస్తువు కిందికి వస్తుంది, దేశం దాటించి అమ్మడం కుదరదు. అమెరికాలో ఉన్న మేనల్లుడు అడిగాడని పోస్టులో పంపెయ్యకండి, స్కాను పంపండి. చిత్తులో రిజిస్టర్డు దస్తావేజు దొరికితే, ముఖ్యంగా ఇటీవలిది, ఆ కుటుంబం దానికోసం వెతుకుతూ ఉండొచ్చు. పేరు, ఊరు ఉన్నాయి కదా, ఓ ఫోను చెయ్యండి. ఆఫీసు ఫైలు నంబరుతో ఉన్న ప్రభుత్వ కాగితాలు కట్టగా కనిపిస్తే వాటిని సొంతం చేసుకోవద్దు, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ లాంటి చోటికి చెప్పండి. బతికున్నవాళ్ల సొంత ఉత్తరాలు ఫేసుబుక్కులో పెట్టే ముందు ఆ ఇంటివాళ్లని అడగండి.

మీ హద్దు బయటి కాగితాలు ఎలాగూ చేరతాయి, కట్ట మొత్తం కొంటున్నాం కదా. వాటిని మార్పిడికి ఉంచండి. నా దగ్గర నూజివీడు వైపువి ఒక పెట్టె నిండా ఉన్నాయి. ఆ వైపు పోగేసే ఒకాయన తన దగ్గరున్న ఏలూరు శుభలేఖలు నాకు పంపిస్తాడు. మార్పిడిలో మా ఇద్దరికీ ఉన్న నియమం ఒక్కటే: తీగ తీగగా, ట్రంకు ట్రంకుగా ఇవ్వాలి. అందులోంచి మంచివి ఏరుకుని మిగిలింది పంపితే ఆ తర్వాతి పార్సిలు రాదు.